మారు అడగకముందే వడ్డించే చోటే భోజన హోటల్

మిర్చి సీజను వచ్చిందంటే గుంటూరు యార్డు పరిసరాల్లోని భోజన హోటళ్లకు తీరిక ఉండదు. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా పల్నాటి పల్లెల నుంచి, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి టిక్కీల లారీలు దిగుతూనే ఉంటాయి. సరుకు దింపుకున్న రైతు రాత్రంతా బస్తాల పక్కనే కునుకు తీసి, పొద్దున బేరం కుదిరి, కాటా అయ్యి, కమీషన్ కొట్టులో లెక్క చూసుకొని బయటపడేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఒంటికి కారం ఘాటు, తలగుడ్డకు దుమ్ము. ధర వచ్చిన రోజు ఒక ఆకలి, రాని రోజు ఇంకో ఆకలి. ఆ వేళకు అతనికి ఎదురయ్యే మొదటి పలకరింపు హోటలు సప్లయర్‌దే. "రా బాబాయ్, ఆకేస్తున్నా కూర్చో" అంటాడా, మాట లేకుండా గల్లా వైపు చెయ్యి చూపిస్తాడా అన్నదాన్ని బట్టే ఆ రైతు మళ్లీ అదే గుమ్మం ఎక్కేదీ లేనిదీ తేలిపోతుంది.

యార్డు రైతులే కాదు. పెద్దాసుపత్రికి రోగిని తెచ్చినవారు, కోర్టు వాయిదాకు వచ్చినవారు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో పడిగాపులు కాసినవారు, పిల్లవాడిని కాలేజీలో చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు, అందరూ ఏదో ఒక హోటలు ముందు నిలబడక తప్పదు. వీరెవరికీ హోటలు భోజనం సరదా కాదు, అవసరం. జేబులో డబ్బు లెక్కగా ఉంటుంది. పెట్టిన డబ్బుకు కడుపు నిండాలి, తిన్నది ఒంటికి పట్టాలి, మనిషికి మనిషిగా మర్యాద దక్కాలి. ఈ మూడూ ఇచ్చే హోటళ్లు జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. ఇవ్వనివీ ఉన్నాయి. తేడా ఎక్కడుందో తెలియాలంటే బోర్డు మీద రాసిన కూరల జాబితా చూసి లాభం లేదు. బియ్యం బస్తా, నూనె మూకుడు, వడ్డించే చెయ్యి చూడాలి.

రూకకు దొరికిన భోజనం

డబ్బు తీసుకొని అన్నం పెట్టడం తెలుగునాట కొత్త సంగతి కాదు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న "క్రీడాభిరామం"లో ఓరుగల్లు నగరం చూడవచ్చిన ఇద్దరు స్నేహితులకు లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనం వివరంగా ఉంది. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవు నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డపెరుగు. సుమారు 600 ఏళ్ల కిందటి ఈ జాబితాకూ నేటి ఫుల్ మీల్స్‌కూ పోలిక చూడండి. పప్పు, నెయ్యి, నంజుకోవడానికి నాలుగు, చివర పెరుగు. వరస మారలేదు. కావ్యం రాసిన వ్యక్తి ఇంటిపేరు మన వినుకొండది కావడం జిల్లావాసులకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఇలాంటి ఇళ్లనే తరవాతి కాలంలో పూటకూళ్ల ఇళ్లన్నారు. గురజాడ అప్పారావు 1897లో అచ్చు వేయించిన "కన్యాశుల్కం"లో పూటకూళ్లమ్మ పాత్రను ఎరగనివారు తక్కువ. భర్త పోయిన ఆడవారికి అప్పట్లో తలెత్తుకొని బతకడానికి ఉన్న కొద్ది దారుల్లో ఇదొకటి. తెలిసిన విద్య వంట, ఉన్న పెట్టుబడి ఇల్లు. బాటసారికి ఇంటి వంట దొరికేది, ఆమెకు పూట గడిచేది. ఇప్పుడు పట్నాల్లో సందు సందుకూ కనిపించే కర్రీ పాయింట్లలో చాలావాటిని నడుపుతున్నది ఆడవారే. పేరు మారిందే గాని వృత్తి పాతదే.

పల్నాడు సంగతి వేరు. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద విసుర్లు ఉన్నాయి. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలాక ఆ మెట్టలో మాగాణి పెరిగి, జొన్నన్నం తిన్న ఇళ్లలో వరి అన్నం వచ్చింది. తమాషా ఏమిటంటే అప్పటి పేదల కూడు ఇప్పుడు పెద్ద హోటళ్లలో స్పెషల్ అయింది. జొన్నరొట్టె, రాగిసంకటి వరి అన్నం కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి.

తెల్లవారుజామున పొయ్యి దగ్గర

భోజన హోటలు పని మధ్యాహ్నం మొదలయ్యేది కాదు. కోడి కూసే వేళకు కూరగాయల మార్కెట్‌కు మనిషి వెళ్లాలి. ఆలస్యమైతే ఏరుకోగా మిగిలిన వంకాయలు, ముదిరిన బెండకాయలే దొరుకుతాయి. ఆ సరుకుతో ఎంత పెద్ద మేస్త్రి అయినా చేయగలిగింది తక్కువ.

అన్నిటికంటే ముందు బియ్యం. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, సాంబమసూరి, మన ప్రాంతపు భోజన హోటళ్ల ముఖమే మార్చింది. సన్న బియ్యం, తేలిక అన్నం. అయితే రకం ఒక్కటే చాలదు. కొత్త బియ్యం ముద్ద అవుతుంది, జిగట కడుతుంది, ఒదగదు. కనీసం ఆరు నెలలు మాగిన బియ్యమైతే గింజ గింజ విడివడి, తపేలాకు తపేలా ఎక్కువ వస్తుంది. పాత బియ్యానికి ధర ఎక్కువని వెనుకాడే యజమాని, ఒదుగులో నష్టపోతున్న సంగతి గమనించడు. కొత్త బియ్యం తప్పనప్పుడు నీళ్లు తగ్గించి, గంజి సరిగా వార్చి, ఆవిరిపోయేదాకా వెడల్పు గంపలో పరిచే మేస్త్రులు ఉన్నారు. అది తెలియని చోట కస్టమరు అన్నం కాదు, సంకటి తింటాడు.

పప్పు దగ్గర అసలు పనితనం బయటపడుతుంది. పల్నాటి వైపు బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. ఆ నీళ్లలో కందిపప్పు ఎంత మంట పెట్టినా బద్దబద్దగానే ఉండిపోతుంది. అనుభవమున్న వంటవాళ్లు పప్పుకు మాత్రం మంచినీళ్లు విడిగా తెప్పించుకుంటారు, ముందు రాత్రే నానబెడతారు. చింతపండు గాని, గోంగూర గాని పప్పు మెత్తబడ్డాకే వేస్తారు. పులుపు ముందు పడితే పప్పు ఉడకదు. ఈ చిన్న సంగతి తెలియక, కొందరు వంటసోడా వేసి మెత్తబెడుతుంటారు. పప్పు మెత్తబడుతుంది గాని రుచి పోతుంది, పప్పులోని బలమూ కొంత పోతుంది.

గోంగూర లేనిదే గుంటూరు భోజనం లేదు. ఎర్ర గోంగూర పులుపు జాస్తి, తెల్లది మెత్తదనం జాస్తి. పచ్చడికి ఎర్రదాన్ని, పప్పుకు తెల్లదాన్ని ఎంచుకుంటారు. దీన్ని వండే గిన్నె సంగతి మాత్రం చాలామంది పట్టించుకోవడం లేదు. పుల్లటి పదార్థం అల్యూమినియం గిన్నెలో మరగకూడదు, నిలవ ఉండకూడదు. లోహం కూరలోకి దిగుతుంది. ఇత్తడి గుండిగలైతే కళాయి ఉండాలి. వెనకటి రోజుల్లో కళాయి వేసేవారు వీధుల్లో కేకలు వేసుకుంటూ తిరిగేవారు. ఇప్పుడు వారు కరవయ్యారు. కళాయి పోయిన ఇత్తడిలో చారు కాస్తే చిలుమే మిగులుతుంది. స్టీలు గిన్నెలు కొనుక్కోవడం క్షేమం.

కారం విషయంలో గుంటూరువాడిని ఎవరూ మోసగించలేరనుకుంటాం. కాని పొడి అయ్యాక కాయ ఎవరిదో తెలియదు. మంచి హోటళ్లవారు తేజ కాయ ఘాటుకు, బ్యాడిగి కాయ రంగుకు కలిపి దగ్గరుండి మిల్లు పట్టిస్తారు. రెడీమేడ్ పొడిలో రంగు గాని, ఇటుక పొడి గాని కలిసిందేమో చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి పైన చెంచాడు కారం చల్లితే, కలిపిన రంగు వెంటనే చారలు చారలుగా కిందికి దిగుతుంది. అడుగున చేరిన మడ్డిని వేళ్ల మధ్య నలిపితే గరగర తగిలితే అది ఇటుక పొడో ఇసకో. ఇదే గ్లాసు పరీక్ష పసుపుకూ పనికొస్తుంది. దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే పెట్టుకొని రంగు పొడి తినాల్సిన గతి జిల్లావాసులకు పట్టకూడదు.

నల్లబడిన మూకుడు

హోటలులోకి వెళ్లేటప్పుడు ఎవరూ వంటింట్లోకి తొంగిచూడరు. చూడాల్సింది అక్కడే. పూరీలు, అప్పడాలు, వేపుళ్లు వేసిన నూనెను సాయంత్రం బజ్జీలకు, మర్నాడు మళ్లీ పూరీలకు వాడే అలవాటు చాలా చోట్ల ఉంది. మూకుడు నల్లబడటం, నూనె చిక్కబడటం, పొయ్యి మీద పెట్టీ పెట్టగానే పొగ రావడం, ఆగకుండా నురగ కట్టడం, ఇవన్నీ నూనె చచ్చిందనడానికి గుర్తులు. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో చేరే చెడు పదార్థాలకు ప్రభుత్వం 25 శాతం హద్దు పెట్టి, 2018 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆ హద్దు దాటిన నూనె వంటకు పనికిరాదు. దాన్ని సేకరించి బయోడీజిల్ తయారీకి పంపే ఏర్పాటు కూడా ఉంది. నిజానికి దీనికి యంత్రం అక్కర్లేదు, ముక్కు చాలు. గుమ్మంలోనే మడ్డి నూనె వాసన కొట్టిందంటే పక్క హోటలు వెదుక్కోవడం మంచిది.

ఇంకొక సంగతి, మిగిలిన అన్నం. ఉడికిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా పడి ఉంటే అందులో పుట్టే క్రిములు వాంతులు తెప్పిస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వేడి పదార్థం 60 డిగ్రీలకు పైన, చల్లని పదార్థం 5 డిగ్రీల లోపు ఉంచాలన్నది ఆహార భద్రత నియమం. మధ్యాహ్నపు అన్నం సాయంత్రం పులిహోరగా అవతారమెత్తే హోటళ్లవారు ఇది గుర్తుంచుకోవాలి. 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం చిన్న కాకా హోటలు, బజ్జీల బండి కూడా పేరు నమోదు చేయించుకోవాలి. 14 అంకెల నంబరున్న ఆ కాగితం గోడకు కనిపించేలా తగిలించాలి. తగిలించిన చోట శుభ్రత ఉంటుందని హామీ ఏమీ లేదు గాని, ఫిర్యాదు చేయాల్సివస్తే ఆ నంబరే ఆధారం.

వడ్డన

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని సామెత. హోటలులో వడ్డించేవాడు ఎవరికీ బంధువు కాడు. అయినా కూర్చున్న ప్రతివాడికీ మనవాడే అనిపించడమే ఆ పనిలో ఉన్న గొప్ప.

ఆకు వేసే తీరులోనే పని తెలిసినవాడు బయటపడతాడు. కొల్లిపర, కొల్లూరు లంకల నుంచి వచ్చే అరటి ఆకు కొస తినేవాడి ఎడమ చేతి వైపు ఉండాలి. నీళ్లు చల్లి తుడుచుకోనిచ్చాక పచ్చడి, పొడి, కూర, వేపుడు ముందు పడాలి. ఆ తరవాతే అన్నం. మొదటి ముద్ద కందిపొడికో, ముద్దపప్పుకో నెయ్యితో సరి. కూరలు, పులుసు, చారు వరసగా నడిచి పెరుగు దగ్గర ముగియాలి. అన్నం ఎత్తు నుంచి పడేయకూడదు. సాంబారు బకెట్ ఊపుకుంటూ వచ్చి పక్కవాడి చొక్కా మీద చిలకరించకూడదు. అన్నానికి ఒకరు, బకెట్‌కు ఒకరు జంటగా నడవాలి. చారు కోసం అన్నం మధ్యలో గుంట చేసుకున్నవాడు ఎదురుచూస్తూ కూర్చున్నాడంటే ఆ వరసలో వడ్డన చెడినట్లే.

అన్నిటికంటే ముఖ్యం, పల్లెటూరి మనిషికి మొహమాటం ఎక్కువ. "అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్న సామెత తెలిసినా రెండోసారి అడగడు. చెయ్యి ఆకు మీద ఆగిందంటే ఇంకా ఆకలి ఉందని, వేళ్లు దగ్గరికి ముడుచుకున్నాడంటే చాలని గ్రహించే సప్లయర్‌కు యజమాని ఎంత జీతం ఇచ్చినా తక్కువే. ఫుల్ మీల్స్ బోర్డు పెట్టిన కొన్ని హోటళ్లలో ఒక చిత్రం కనిపిస్తుంది. అన్నం మారు వడ్డించడానికి ఉరికొచ్చే చెయ్యి, కూర మారు అడిగేసరికి వెనక్కు పోతుంది. అన్నం చౌక, కూర ప్రియం గదా! పెరుగు పలచబడటం, పన్నెండింటికి సాంబారుగా ఉన్నది రెండింటికి చారుగా మారటం, మూడింటికి వేడినీళ్లు కావటం కూడా ఈ లెక్కలోనివే. ఒక పూట కొంత మిగులుతుందేమో. కాని భోజన హోటలు బతికేది రోజూ వచ్చే మనిషి మీద. నెల టిక్కెట్ల పుస్తకం కొనే విద్యార్థి, ఉద్యోగి, వాయిదా వాయిదాకూ వచ్చే కక్షిదారు, ప్రతి సీజనుకూ వచ్చే రైతు. వీరిలో ఒకడు మానేస్తే వాడి ఊరు మొత్తం మానేస్తుంది.

ఆసుపత్రుల దగ్గర హోటళ్లకు మరో పోటీ వచ్చింది. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో పూట భోజనం 5 రూపాయలు. ధరలో వాటితో పోటీపడటం ఏ హోటలు తరమూ కాదు. 19 కిలోల కమర్షియల్ గ్యాస్ బండకు, అద్దెకు, మనుషుల జీతాలకు సరిపోను సంపాదించాలంటే చిన్న హోటలుకు మిగిలిన ఆయుధం రుచి, మర్యాదే.

రెండు గ్లాసులు

మర్యాద మాట వచ్చినప్పుడు ఒక చేదు నిజం దాటవేయడం తగదు. పట్నపు హోటళ్లలో ఒకప్పుడు కులం పేరుతో బోర్డులుండేవి. పల్లెల కాకా హోటళ్లలో అంతకంటే ఘోరం. పేటనుంచి వచ్చిన మనిషికి గ్లాసు వేరు. అది చూరులోనో, గోడ పక్కనో బోర్లించి ఉండేది. తనే తీసుకోవాలి, టీ పైనుంచి పోస్తే తాగాలి, తనే కడిగి పెట్టాలి. బల్ల మీద కూర్చునే హక్కు లేదు. డబ్బు మాత్రం అందరిదీ ఒకే గల్లాలో పడేది.

హోటళ్లలోకి ప్రవేశం విషయంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలోనే చెప్పింది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం దాన్ని శిక్షార్హం చేసింది. 1976లో ఆ చట్టానికి పదునుపెట్టి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధానికి 1989లో మరో చట్టం వచ్చింది. ఇన్ని చట్టాలు వచ్చినా గ్లాసు తేడా చాలా ఊళ్లలో ఏళ్ల తరబడి సాగింది. ఆ గ్లాసును వద్దన్నందుకు దెబ్బలు తిన్నవారు, కూలి పనులు పోగొట్టుకున్నవారు ఉన్నారు. హోటలువాడు కాదు ఊరి కట్టుబాటు అని తప్పించుకునేవారు. కాగితం కప్పులు వచ్చాక తేడా కంటికి కనిపించకుండా పోయింది. అంతమాత్రాన మనసులోంచి పోయిందని కాదు. బల్ల దగ్గర ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు నిలబడి తాగి వెళ్తున్నారు అన్నది గమనిస్తే తెలుస్తుంది. ఎన్ని రకాల చట్నీలు పెట్టినా, గుమ్మంలో ఒక మనిషిని నిలబెట్టే హోటలుది వడ్డన అనిపించుకోదు.

ఆడవారి విషయంలోనూ వెనకటి హోటళ్లు ఇబ్బందిగానే ఉండేవి. తెర కట్టిన ఒక మూల గదిని ఫ్యామిలీ రూమ్ అనేవారు. గాలి ఉండేది కాదు, వడ్డించే మనిషి అటువైపు వచ్చేది తక్కువ. ఇప్పుడు మిర్చి కోతల కూలీలు, డ్వాక్రా గ్రూపుల వాళ్లు బ్యాంకు పని చూసుకొని నలుగురు కలిసి వచ్చి అందరి మధ్యా కూర్చొని భోంచేస్తున్నారు. ఇది మంచి మార్పు.

విస్తరి, బల్ల, పిల్లవాడు

అరటి ఆకు దొరకని చోట వెనుక మోదుగాకు విస్తళ్లు, ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్లు వాడేవారు. ఖాళీ వేళల్లో ఈనె పుల్లలతో విస్తళ్లు కుట్టి నాలుగు డబ్బులు చూసుకున్న ఇళ్లు పల్లెల్లో ఎన్నో. ప్లాస్టిక్ పూత కాగితపు ఆకులు వచ్చి వారి పని పోగొట్టాయి. వేడి అన్నం, వేడి సాంబారు పడ్డాక ఆ పూత మెత్తబడి లేచిపోవడం తిన్నవారందరికీ తెలుసు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు నిషేధమే. అయినా పెళ్లిళ్ల మరుసటి రోజు ఊరి చివర కాలవగట్టు చూస్తే నిషేధం సంగతి అర్థమవుతుంది.

బల్ల తుడిచే పని చాలాకాలం చిన్నపిల్లలదే. బడి మానిన పదేళ్ల కుర్రవాడు తడిగుడ్డ, బకెట్‌తో తెల్లవారి అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా తిరిగేవాడు. 14 ఏళ్ల లోపు పిల్లలను హోటళ్లలో, దాబాల్లో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. ఇప్పుడు ఆ వయసువారు పట్నాల్లో అంతగా కనిపించరు గాని, రోడ్డు పక్క టీ కొట్లలో "మా మేనల్లుడండీ" అంటూ అక్కడక్కడా తగులుతూనే ఉన్నారు.

పిల్లలు తప్పుకున్న చోటికి పెద్దవాళ్లు రావడం లేదన్నది యజమానుల గోడు. వంట మేస్త్రి దొరకడం కష్టం, దొరికినా నిలవడు. వంద మందికి పప్పు ఎంత, చింతపండు ఎంత అన్నది కాగితం మీద రాసిపెట్టిన మేస్త్రులు తక్కువ. చేతి అంచనాతోనే తెలిసినవారు ఎక్కువ. వారి దగ్గర కూరలు తరిగే పని మొదలుపెట్టి, పొయ్యి దగ్గరికి చేరేసరికి కుర్రవాడికి అయిదారేళ్లు పట్టేది. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? కొడుకు మేస్త్రి కావాలని మేస్త్రే కోరుకోవడం లేదు. పొయ్యి సెగకు కళ్లు, నిలబడి నిలబడి మోకాళ్లు పోగొట్టుకున్న మనిషి అలా అనుకోవడంలో తప్పు పట్టడానికీ లేదు.

మూడున్నరకు ఆఖరి ఆకు లేస్తుంది. బల్లలు కడిగాక అప్పుడు మేస్త్రి, సప్లయర్లు, గిన్నెలు తోమే ఆమె వంటింటి గడప దగ్గర కూర్చుంటారు. కొన్ని హోటళ్లలో వాళ్లకు అడుగంటిన అన్నం, మిగిలిన చారే. మరికొన్నింట్లో పప్పు, ఒక కూర ముందే పక్కన తీసిపెట్టి, గల్లా మీది మనిషి లేచి వచ్చి నెయ్యి గిన్నె తనే పట్టుకొని వడ్డిస్తాడు. ఏళ్ల తరబడి మనిషి మారకుండా నడుస్తున్న హోటళ్లు ఈ రెండో రకానివే.